లాహి అనే స్థిర మూలధనం

కలాఫికి ఒక అక్క ఉంది. టోంగా దీవుల్లో మగవాడి గురించి ఈ ఒక్కమాట చెబితే చాలు, అతని ఆస్తిపాస్తుల సంగతి ఇంక వేరే అడగక్కర్లేదు.

అక్క పేరు తెలేసియా. తమ్ముడికి ఉన్నదల్లా ఆవిడదే. అడిగి తీసుకుంటే ఆవిడ మంచితనం, అడక్కుండా తీసుకుంటే ఆవిడ హక్కు. మొదట సైకిలు పోయింది. తరవాత రేడియో. ఆ తరవాత పడవకి బిగించే మోటారు. పడవ మాత్రం పాతదని వదిలేసింది. రెండో కొడుకు నడక నేర్చిన నెలలోనే వాణ్ణి చంకనేసుకుని వెళ్లిపోయి తన కొడుకుగా పెంచుకుంది. వాడికిప్పుడు మీసాలొచ్చాయి. మేనత్తని అమ్మా అంటాడు, కన్నతండ్రి దారిలో ఎదురైతే "ఏం మావయ్యా, బాగున్నావా" అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా కలాఫి పెళ్లాం సేయిని చేతిలో ఏ గిన్నె ఉంటే అది నేలకేసి కొట్టేది. సొట్టపడని గిన్నె ఆ ఇంట్లో లేదు. అందుకే గిన్నెల జోలికి మాత్రం తెలేసియా రాలేదు.

పాత పడవా, సొట్ట గిన్నెలూ కాక ఆవిడకి దక్కనిది ఒక్కటే మిగిలింది, లాహి. లాహి ఆడపంది. ఎనిమిదేళ్లది, వంటపాకంత ఉంటుంది. ఆటు వచ్చి సముద్రం వెనక్కి తగ్గినప్పుడు తనంతట తనే తీరానికి వెళ్లి, ఇసక తవ్వి నత్తగుల్లలు ఏరుకు తిని, సాయంత్రానికి ఇంటికొచ్చి గుంజకి వీపు రుద్దుకుంటుంది. అప్పుడు ఇల్లంతా ఊగుతుంది. కలాఫి కొబ్బరికాయ పగలగొట్టి దాని ముందు పెట్టి, అది నమిలినంతసేపూ పక్కన కూర్చునేవాడు. యాభై దాటిన మనిషి. ఇది నాది అని వేలు పెట్టి చూపించడానికి భూమ్మీద అతనికున్నది అదొక్కటే.

అది అక్క చేతికి ఎందుకు చిక్కలేదో చెప్పాలంటే దేశం పెట్టుబడి దగ్గర మొదలుపెట్టాలి.

కలాఫి వవావు దీవుల వైపు లెక్కలు రాసే ఉద్యోగి. ఉద్యోగి అంటే కుర్చీ ఉంటుందనుకునేరు. ఏడాదికోసారి పడవెక్కి ఊరూరూ తిరగాలి. ఇల్లు కట్టావా, పడవ కొన్నావా, పందులున్నాయా అని అడిగి రాసుకుని రాజధానికి పంపాలి. అక్కడి పెద్దలు అన్నీ కలిపి, రేపటి కోసం దేశం ఈ ఏడు ఎంత కట్టుకుంది, ఎంత కూడబెట్టింది అని తేలుస్తారు. ఎనిమిదేళ్ల కిందట ఆ పని నేర్పడానికి అతన్ని రాజధానికి పిలిచారు. అన్నం తిన్న తరవాతి పాఠంలో కలాఫి నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి పంతులు పందుల దగ్గరున్నాడు. తినడానికి మేపుకునే పంది నిల్వ సరుకట. పిల్లల కోసం ఉంచుకునేది స్థిర మూలధనమట. అంటే ఓడ లాంటిది, రేవు లాంటిది. పందిని రేవుతో పోల్చేసరికి కలాఫికి నిద్ర వదిలిపోయింది. ఆ పూట అతని బుర్రకెక్కింది అదొక్క ముక్కే.

ఇంటికొచ్చేసరికి తెలేసియా పెరట్లో ఉంది. భుజాన తాడు. చేతిలో లాహి వెనక్కాలు. లాహి అప్పటికి కుందేలంత పిల్ల.

"అక్కా, అది స్థిర మూలధనమండీ" అన్నాడు కలాఫి. ఏం మాట్లాడుతున్నాడో అతనికే తెలీదు.

"అంటే ఏంట్రా?"

"దేశం లెక్కలో ఉంది. రాజధానిలో రాసేసుకున్నారు."

"రాజుగారిదా?"

కలాఫి అవుననలేదు, కాదనలేదు. మెడ గోక్కున్నాడు. కాబట్టి అబద్ధమాడలేదని తరవాత పాస్టరుగారి దగ్గర గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగాడు. తెలేసియా పందిపిల్ల కాలు వదిలేసింది. పట్టుకున్నదాన్ని ఆవిడ వదలడం ఊరు ఎప్పుడూ చూడలేదు.

చూసినవాడు కంచె అవతలి సెమిసి. ఇంటి కప్పు మీద ఆకులు సర్దుతున్నవాడు అక్కణ్ణుంచే అంతా విన్నాడు. మర్నాడు వాడి అక్క లూపే తాడుతో వస్తే, "అక్కా, ఇది స్థిరం" అన్నాడు. ఆవిడా నోరెత్తకుండా వెనక్కెళ్లింది. ఆదివారం చర్చి అయ్యేసరికి మాట ఊరంతా తిరిగింది. సోమవారం పడవెక్కింది. మగాళ్లు కలాఫి ఇంటికి మత్తుగా కలుపుకు తాగే కావా దుంపలూ, పెండలం బుట్టలూ మోసుకొచ్చి గుమ్మం పక్కన పెట్టి, "మాదీ కాస్త స్థిరం చేసిపెట్టు బాబూ" అనేవాళ్లు. చర్చి విందుకి పంది కావాలని పాస్టరు అడిగితే స్థిరం. ఊరి దొరగారి మనిషి వస్తే స్థిరం. దినానికి బంధువులొస్తే, చచ్చినవాడి మీద ఎంత ప్రేమ ఉన్నా, స్థిరం. మూడేళ్లు తిరిగేసరికి ఆ దీవుల్లో తినడానికంటూ ఒక్క పంది లేదు. పెళ్లిళ్లలో డబ్బా మాంసం, చావులకి డబ్బా మాంసం. మర్యాద కోసం నడుములకి చాపలు చుట్టుకున్న పెద్దమనుషులు తలలు వంచుకుని డబ్బా మాంసమే నమిలేవాళ్లు. పందులు మాత్రం వీధుల్లో దొరల్లా తిరిగేవి.

కలాఫి ప్రతి ఏడూ ఉన్నదున్నట్టు రాసి పంపేవాడు. జనం స్థిరమన్నారు, అతను స్థిరమని రాశాడు. గవర్నమెంటుకి కావలసింది కాగితం. అది నిండుగా వెళితే ఎవడూ నోరెత్తడు, ఎనిమిదేళ్లూ ఎవడూ ఎత్తలేదు.

తొమ్మిదో ఏడు లోసలీన్ ఓడ దిగింది.

లెక్కల ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి. ముప్ఫయ్యేళ్లుంటాయి. నడుముకి పద్ధతిగా చాప చుట్టుకుంది, కాళ్లకి మాత్రం బురదలో తిరగడానికి పనికొచ్చే బూట్లు. ఊరికి అతిథి గనక కలాఫి ఇంట్లోనే బస. అతిథికి తోడుగా అక్క వచ్చింది. అక్కకీ తమ్ముడికీ మేనత్త ఫూసి కూడా వచ్చింది. తొంభై దాటిన ముసలమ్మ, కళ్లు మసక, చెవులు మాత్రం పాము చెవులు. తమ్ముడికి అక్క ఎంతో, అక్కకీ తమ్ముడికీ కలిపి మేనత్త అంతకి రెండింతలు. ఆవిడ వస్తుంటే తెలేసియా కూడా నడుం చాప సవరించుకునేది.

సేయిని వడ్డించింది. పెండలం, కొబ్బరిపాలలో ఉడికిన ఆకుకూర, అందులో డబ్బా మాంసం.

తిన్నాక లోసలీన్ పెద్ద కాగితం చాప మీద పరిచింది. దాని మీద ఒక గీత మిట్టలూ పల్లాలుగా పోతోంది. ఫూసి ముక్కు దానికి ఆనించి చూసింది.

"ఇవేం కొండలమ్మా?"

"కొండలు కాదు మామ్మా. మన దేశం పెట్టుబడి. నలభై ఏళ్లది."

"ఇదిగో, ఇక్కడ లేచిందేంటి?"

"రేవు కట్టిన ఏడు."

"ఇది?"

"ఓడ కొన్న ఏడు. మనది చిన్న దేశం కదా, ఒక్క ఓడ కొంటే గీత ఇంత లేస్తుంది. మరుసటి ఏటికి మళ్లీ మామూలే."

"మరి అన్నిటికన్నా పైకెళ్లిందే, ఇదీ?"

"అది తుఫాను తరవాతిది. ఇళ్లన్నీ పడిపోయాయి కదా, మళ్లీ కట్టాం. కట్టిందంతా పెట్టుబడే."

"మరి పడిపోయింది?"

"పడిపోయింది ఈ గీతలోకి రాదు."

ఫూసి కాగితం మీంచి తల ఎత్తింది. "మా ఆయనా అంతేనమ్మా. ఎంత తెచ్చాడో చెప్పేవాడు. ఎంత తగలేశాడో చెప్పేవాడు కాదు."

అందరూ నవ్వారు. లోసలీన్ కూడా నవ్వి, కాగితం అడుగున ఉన్న ఇంకో సన్నగీత మీద వేలు పెట్టింది. మిట్టా లేదు, పల్లమూ లేదు. మెట్లెక్కినట్టు నింపాదిగా పైకి పోతోంది.

"ఇది చూడండి. ఎనిమిదేళ్లుగా ఒక్కసారి కిందికి దిగలేదు. తుఫానుకి దిగలేదు, కరువుకి దిగలేదు. దేశం మొత్తంలో ఇంత నికరమైన పెట్టుబడి ఇంకోటి లేదు. పైవాళ్లు దీన్ని చూసి తెగ సంబరపడిపోతున్నారు. ఏంటో తెలుసా? మీ వైపు పందులు."

ఎంగిలి గిన్నెలు తీస్తున్న సేయిని తలుపు దగ్గరే ఆగిపోయింది.

"మీ రేవు కన్నా మీ పందుల విలువే ఎక్కువ తేలింది కలాఫి గారూ. నాకు ఒకటే అనుమానం. ఇన్ని పందులున్న ఊళ్లో నాకు డబ్బా మాంసం పెట్టారేంటి?"

"నేనూ ఎనిమిదేళ్ల నుంచి అదే అడుగుతున్నానమ్మా" అంది ఫూసి. "పంది కొవ్వు నాలిక్కి తగిలి ఎన్నాళ్లయిందో. రాజుగారివంటారు వీళ్లు."

"రాజుగారివా?" లోసలీన్ కలాఫి వైపు తిరిగింది.

కలాఫి మెడ గోక్కున్నాడు.

"రేపు పొద్దున దొడ్లన్నీ చూస్తాను" అంది లోసలీన్. "మీదే ముందు."

తెలేసియా తమ్ముడి మెడ కేసి చూస్తూ ఉండిపోయింది. అలా గోక్కోవడం ఆవిడ ఇంతకుముందొకసారి చూసింది.

ఫూసినీ అక్కనీ సాగనంపి కలాఫి వంటపాకలోకొచ్చేసరికి సేయిని చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడుంది.

"ఏమయ్యా, నీ లాహి ఎప్పుడైనా ఈనిందా?"

"లేదు."

"మగదాని మొహమైనా చూసిందా?"

"దానికి మనసు లేదే."

"దానికి మనసు లేదా, నీకు మనసొప్పలేదా? పిల్లలు పుడితే మీ అక్క బుట్ట పట్టుకొస్తుందని దాన్ని కన్యగా ముసలిదాన్ని చేశావు. ఇప్పుడా పిల్ల వచ్చి ఇది తినే పందని తేల్చిందంటే, రేపు సాయంత్రానికి పొయ్యి గుంటలో ఉంటుంది. చూసుకో."

కలాఫికి పెళ్లాం మాట ఎప్పుడూ ఆలస్యంగా ఎక్కేది, ఈసారి వెంటనే ఎక్కింది. తెల్లారగానే సెమిసి కంచె దగ్గరికి పోయాడు.

"నీ ఆడపంది మొన్న ఈనింది కదా. ఆ పిల్లల్ని ఒక్కపూట ఇలా ఇవ్వు."

"ఎందుకూ?"

"లాహికి తోడుగా."

సెమిసి అతని మొహంలోకి చూశాడు. "మా పిల్లలు మచ్చలవి. మీ లాహి ఉప్పులా తెల్లగా ఉంటుంది."

"తండ్రి పోలికంటాను."

"తండ్రెవరంటే?"

"పంది పేరు కూడా అడుగుతారా? ఇవ్వవయ్యా బాబూ."

పిల్లల్ని బుట్టలో తెచ్చి లాహి పక్కన పోశారు. లాహి వాటిని వాసన చూసి, ఆస్తి కాజేయడానికొచ్చిన చుట్టాల్ని చూసినట్టు చూసి, లేచి దొడ్డి అవతలి మూలకి పోయి పడుకుంది. పిల్లలు వెంటపడ్డాయి. లాహి మళ్లీ లేచింది. ఆ తిరుగుడు ఇంకా ఆగకముందే లోసలీన్ వచ్చింది. వెనకాల తెలేసియా. ఆవిడ చంకలో బుట్ట, బుట్ట అంచున తాడు కొస.

"ఇవి దీని పిల్లలేనా?" అంది లోసలీన్.

"అవునండి. మొన్ననే ఈనింది. నీరసంగా ఉంది, అందుకే దగ్గరికి రానివ్వట్లేదు."

సరిగ్గా అప్పుడే కంచె అవతలి నుంచి సెమిసి ఆడపంది గుర్రుమంది. పిల్లలన్నీ ఒక్కసారి చెవులు నిక్కించి, కీచుమంటూ లోసలీన్ బూట్ల మధ్య నుంచి దూరి, కంచె కన్నంలోంచి అవతలికెళ్లి తల్లి పొట్ట కింద వరసగా సర్దుకున్నాయి. లాహి హాయిగా నిట్టూర్చింది.

"వీటికి మేనత్త ఇల్లనుకుంటా" అన్నాడు కలాఫి, ఏమనాలో తోచక.

లోసలీన్ ఏమీ రాయలేదు. సెమిసి దొడ్డిలోకి నడిచింది. తల్లిపందిని మెచ్చుకుంది. పక్కనున్న రెండోదాని దగ్గర ఆగింది.

"ఇది కూడా స్థిరమనే ఉంది. కానీ ఇది మగది."

"అవునండి."

"పైగా విత్తులు కొట్టించినట్టున్నారు."

"అవునండి" అన్నాడు సెమిసి. "కానీ మనసు మంచిదండి."

ఆ పూట ఆవిడ ఊళ్లో దొడ్లన్నీ చూసింది. భోజనం వేళకి ఊరి హాల్లోకి అందర్నీ రమ్మంది. అందరూ వచ్చారు. మగాళ్లు కావా గిన్నె చుట్టూ ఒక పక్క, ఆడవాళ్లు ఇంకో పక్క. ముందు వరసలో రెండు చాపలు ఒకదాని మీద ఒకటి వేసి ఫూసిని కూర్చోబెట్టారు. తెలేసియా బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెళ్లికెళ్లినంత నిండుగా ఉంది మొహం.

లోసలీన్ నెమ్మదిగానే చెప్పింది. దేశం లెక్కలోకి వచ్చినంతమాత్రాన పంది దేశానిదైపోదు, మీదే. ఓడ కొన్నవాడిదే ఓడ, రాజుగారిది కాదు. ఊరికే గుర్తు పెట్టుకోవడానికి రాసుకుంటాం, అంతే. పిల్లల్ని పెట్టేదైతే స్థిరం. కాకపోతే నిల్వ.

వెనక నుంచి ఎవరో అడిగారు: "నిల్వంటే?"

"తినడానికి ఉంచుకున్నదని."

హాల్లో ఉన్న అక్కలందరూ ఒక్కసారి సర్దుకు కూర్చున్నారు. చాపలు గరగరమన్నాయి. తమ్ముళ్లందరూ కావా గిన్నెలోకి చూశారు.

"ముందు లెక్కలు రాసే ఆయన పందితోనే మొదలుపెడదాం" అంది లోసలీన్. "లాహి. ఎనిమిదేళ్లది. ఇది ఎప్పుడైనా ఈనిందా కలాఫి గారూ? పొద్దుటి పిల్లల సంగతి వద్దు."

కలాఫి చెయ్యి మెడ మీదకి పోయింది. తెలేసియా బుట్టలోకి చెయ్యి పెట్టి తాడు కొస దొరకబుచ్చుకోవడం అతనికి కనబడింది. ఆవిడ చెయ్యి అలా లోపలుండగానే ఫూసి గొంతు సవరించుకుంది.

"అయితే అది రాజుగారిది కాదన్నమాట."

"కాదు మామ్మా."

"మా కలాఫిది."

"అవును."

"మా అన్న కొడుకుది. అంటే నాది." ఫూసి చాప మీద అరచేత్తో తట్టింది. "సాయంత్రానికి కాల్చండి. వీపు నాకు. తొడలు పాస్టరు గారికి. తల ఈ అమ్మాయికి. తెలేసియా, తోక నువ్వు తీసుకోవే."

తెలేసియా చెయ్యి బుట్టలోనే ఉండిపోయింది. తాడు వేసేటప్పుడు ఎప్పుడూ తమ్ముడి వైపే చూసింది గానీ, తన నెత్తి మీద ఎవరున్నారో చూసుకోలేదావిడ. తను తాడు వేస్తే పంది పోయేది తన ఇంటికి కాదు, ఫూసి ఇంటికి. తన వాటా తోక. మొహం రెండు మూడు రంగులు మారింది. చెయ్యి బుట్టలోంచి ఖాళీగా బయటికొచ్చింది.

"ఈనింది" అంది.

హాలంతా తిరిగి చూసింది.

"లాహి ఈనింది. రెండుసార్లు. నా కళ్లతో చూశాను."

కలాఫి నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక అక్క తన పక్షాన మాట్లాడ్డం ఇదే వినడం.

"మరి ఆ పిల్లలేవండీ?" అంది లోసలీన్. "దొడ్డిలో ఒక్కటీ లేదే?"

"నేను పట్టుకెళ్లాను."

ఆ మాట తరవాత హాల్లో ఎవరికీ అనుమానం మిగల్లేదు. ఆడవాళ్ల వరసలో వెనక నుంచి సేయిని లేచింది. ఆడబిడ్డ మాటకి ఆవిడ వంత పాడ్డం ఊరికి కొత్త.

"పట్టుకెళ్లే ఉంటుంది మేడమ్" అంది. "నా కొడుకునే పట్టుకెళ్లింది. పందిపిల్లలొక లెక్కా?"

"నిజమేనండి" అన్నాడా కొడుకు, తలుపు దగ్గర నుంచి. అక్కడితో ఆగితే బాగుండేది. "మావయ్య దగ్గరేదీ నిలవదండి."

లోసలీన్ కలం పట్టుకుని కాసేపు వాళ్లందరికేసీ చూసింది. ఆవిడకీ రాజధానిలో ఇద్దరు తమ్ముళ్లున్నారు. ఒకడి వంటింటి పొయ్యి ఆవిడింట్లో ఉంది. ఇంకేమీ అడక్కుండా, లాహి ఎదురుగా స్థిరమనే రాసింది.

ఇంకేముంది, దారి దొరికింది. రెండో పంది పేరు చదవగానే దాని ఆసామి మోకాళ్ల మీద లేచి, "మాదీ ఈనిందండి. మా అక్క పట్టుకెళ్లింది" అన్నాడు. ఆ అక్క గబగబా నలుదిక్కులా చూసింది. కాదంటే పంది నిల్వ కింద తేలుతుంది. తేలితే, ఆవిడ సొంత మేనత్త ముందు వరసలోనే ఉంది, ఆవిణ్ణి దాటితే పాస్టరు, పాస్టర్ని దాటితే దొరగారు. "అవును, పట్టుకెళ్లాను" అంది. మూడో అక్క అడక్కుండానే ఒప్పుకుంది. నాలుగో ఆవిడ ఏడుపు మొహం పెట్టి మరీ ఒప్పుకుంది. అలా ఆ పూట ఊళ్లో పందులన్నీ ఒకదాని తరవాత ఒకటి ఈనేశాయి. సెమిసి పేరు రాగానే వాడి అక్క లూపే ఛాతీ విరుచుకుని నిలబడింది.

"మా సెమిసి పందులు రెండూ ఈనాయి."

"అక్కా" అన్నాడు సెమిసి గొణుగుతూ, "రెండోది మగదండీ."

"నోర్ముయ్. ఈనింది."

లోసలీన్ కలం కింద పెట్టి, రెండు చేతులతోనూ మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. చెయ్యి తీసేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. "దాన్ని మాత్రం నిల్వ కింద రాస్తున్నాను సెమిసి గారూ. క్షమించండి."

ఎనిమిదేళ్ల తరవాత ఊరికి దొరికిన నిల్వ సరుకు అదొక్కటే. సాయంత్రానికి పొయ్యి గుంటలోంచి తీసి అతిథి ముందు పెట్టారు. మంచి మనసున్న జంతువు గనక ఊరందరికీ సరిపోయింది. సెమిసి కూడా తిన్నాడు. ఏడుస్తూ తిన్నాడు గానీ రెండోసారి అడిగి వేయించుకున్నాడు.

ఫూసి వీపు ముక్క చివరిదాకా చీకి, వేళ్లు తుడుచుకుని, తెలేసియాని దగ్గరికి పిలిచింది.

"రెండు ఈతలన్నావు. ఎన్ని పిల్లలే?"

తెలేసియా గొప్పకి పోయే మనిషి. ఆ జబ్బు మందుకి లొంగదు. "ఎన్నేంటత్తా, పదిహేను. మా లాహి అంటే ఏమనుకున్నావు."

"పదిహేనులో నా వాటా రాలేదే?"

తెలేసియా చేతిలో ముక్క ఆకులో పెట్టేసింది.

"నీ దొడ్లో ఉన్నవాటిలో ఆరు పంపించు" అంది ఫూసి. "మిగతావి పెరిగాక చూద్దాం."

"అవి స్థిరం అత్తా."

"నాకు స్థిరమూ లేదు, గిరమూ లేదు. నేను పుట్టేటప్పటికి ఈ లెక్కలే పుట్టలేదు. రేపు ఆదివారం వద్దు, ఎల్లుండి పంపించు."

సోమవారం లోసలీన్ ఓడెక్కింది. ఎక్కేముందు కలాఫిని పక్కకి పిలిచి, "గీత అలాగే ఉంచుతున్నాను" అంది. "కానీ వచ్చే ఏడు మళ్లీ వస్తాను. అప్పుడు పిల్లలు కనబడాలి. మీ అక్కగారు పట్టుకెళ్లారని రెండోసారి రాయలేను. పిల్లలు లేకపోతే నిల్వే. మీ మేనత్తగారికి అప్పటికీ ఆకలి ఉండేలాగే ఉంది." అదే రోజు తెలేసియా దొడ్డిలోంచి ఆరు పిల్లలు కీచుమంటూ ఫూసి ఇంటికి పోయాయి.

మంగళవారం పొద్దున్నే తెలేసియా తాడుతో వచ్చింది. కలాఫి లాహికి అడ్డంగా నిలబడ్డాడు. ఆవిడ తాడు అతని మీదకి విసిరింది.

"కట్టరా దాన్ని. పాస్టరుగారి మగపంది దగ్గరికి తోలు. పుట్టని పిల్లలకి ఆరు పిల్లల్ని కట్టాను నేను. అవి పుట్టి తీరాలి."

"దానికి మనసు లేదక్కా."

"నాకు మాత్రం ఉందా? నడు."

పాస్టరుగారి మగపంది న్యూజిలాండ్ నుంచి సంఘం డబ్బుతో తెప్పించింది. నల్లగా, చెవులు కళ్ల మీదకి వేలాడేసుకుని, వాక్యం చెప్పడానికి లేచినంత గంభీరంగా ఉంటుంది. లాహి రోడ్డు మీద నాలుగుచోట్ల కూలబడింది. తాడు కలాఫి పట్టుకుంటేనే లేచేది. చివరికి ఎలాగో దొడ్డిలోకి నెట్టి తడిక వేశారు. పాస్టరు "దేవుడి చిత్తం" అని చెప్పి, ఎవరికో జబ్బుగా ఉందని ప్రార్థనకి వెళ్లిపోయాడు.

అక్కా తమ్ముడూ మిగిలారు.

అక్కడే వచ్చింది చిక్కు. అక్కా తమ్ముడూ ఒకే గదిలో కూర్చుని సినిమా చూడని దేశం అది. తెర మీద ఎవరైనా ఎవరి చెయ్యయినా పట్టుకుంటే తమ్ముడు లేచి బయటికెళ్లి ఆకాశం చూడాలి. అలాంటిది అక్కని పక్కన పెట్టుకుని ఈ తతంగం ఎలా చూస్తాడు? పోనీ వెళ్లిపోదామంటే పందిని అక్కకి వదిలినట్టవుతుంది. ఆవిడ వెళ్లిపోదామంటే తమ్ముడు తడిక తీసి దాన్ని ఇంటికి తోలుకుపోతాడని అనుమానం. కలాఫి దొడ్డికి వీపు తిప్పి సముద్రం కేసి కూర్చున్నాడు. తెలేసియా బాల్చీ బోర్లించుకుని దొడ్డికి వీపు తిప్పి చర్చి గంట కేసి కూర్చుంది. వెనకాల ఏవేవో చప్పుళ్లయ్యాయి. గుర్రుమంది. తడిక కదిలింది. బురద చిందింది. మళ్లీ అంతా సద్దుమణిగింది. అది కలహమో కాపురమో ఇద్దరికీ తెలీలేదు. తిరిగి చూసే వీలు ఇద్దరికీ లేదు.

"వర్షం వచ్చేలా ఉంది" అన్నాడు కలాఫి.

"ఊఁ" అంది తెలేసియా.

పొద్దు వాలాక పాస్టరు వచ్చాడు. దొడ్డిలోకి తొంగి చూశాడు. రెండు పందులూ చెరో మూల పడుకుని ఉన్నాయి.

"అయిందా?" అన్నాడు.

కలాఫి సముద్రంలో చేపలు చూశాడు. తెలేసియా చర్చి గంటకి పట్టిన తుప్పు చూసింది.

"అయిందా లేదా, చెప్పండయ్యా."

అక్క ముందు తమ్ముడు చెప్పలేడు, తమ్ముడి ముందు అక్క చెప్పలేదు. పైగా చెప్పడానికి ఎవరైనా చూస్తేగా. పాస్టరు అర్థం చేసుకుని దగ్గాడు.

"పోనీ, ఇవాళ్టికి దాన్ని ఇక్కడే వదిలి వెళ్లండి. నేను చూసుకుంటాను."

ఎనిమిదేళ్లు డబ్బా మాంసం తిన్న మనిషి ఆయన. మొన్న తొడలు తనకన్న ఫూసి మాట కూడా విన్నవాడు.

"వద్దులెండి" అన్నారు అక్కా తమ్ముడూ. ఇద్దరి నోటా ఒకే మాట, ఒక్కసారే వచ్చింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

పాస్టరు లోపలికెళ్లిపోయాడు. ఇద్దరూ కాపలాకి మళ్లీ ఎవరి చోట వాళ్లే కూర్చున్నారు. తెలేసియా బుట్టలోంచి రెండు ఉడికిన పెండలం ముక్కలు తీసి, ఒకటి వెనక్కి చూడకుండా తమ్ముడి వైపు జరిపింది. ఇదివరకు ఆ చెయ్యి ఇటు ఖాళీగా వచ్చి అటు నిండుగా పోయేది. కలాఫి ముక్క తీసుకుని, సగం తిని, మిగతా సగం భుజం మీదుగా వెనక్కి, లాహి ఉంటుందనుకున్న వైపు విసిరాడు. ఏదో పంది నమిలింది. ఏదన్నది అతను చూడలేదు.